సర్వర్ ఉన్నోడిదే బర్రె: స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్‌ని కాస్త పక్కనుంచి చూస్తే

మెదడుని నేరుగా గేము లోకంలోకి తీసుకెళ్ళే నర్వ్‌గేర్ అనే హెల్మెట్ బరువులో 30 శాతం బ్యాటరీయే. మంచం మీద పడుకుని, గోడ ప్లగ్గులో వైరు పెట్టి, కదలకుండా మెదలకుండా వాడుకునే గేమింగ్ వస్తువుకి అంత బ్యాటరీ ఏం చేసుకోవడానికి అని కొన్నవాళ్ళలో ఒక్కళ్ళకీ అనుమానం రాదు. కథలో 2022 నవంబర్ 6 సాయంత్రం దాన్ని తయారు చేసినోడే ఆ సంగతి విప్పుతాడు. హెల్మెట్ ఊడదీస్తే, పగలగొట్టాలని చూస్తే, కరెంటు పోయి పది నిమిషాలు దాటితే, నెట్ కట్టయ్యి రెండు గంటలు దాటితే అందులోంచి వచ్చే మైక్రోవేవ్ తరంగాలు మెదడుని కాల్చేస్తాయి, కరెంటు లేకపోయినా ఆ పని జరగాలి కదా, దానికే ఆ బ్యాటరీ. ఈ ముక్క అతను చెప్పే టైముకే బయట ఇళ్ళల్లో ఎవరో ఒకరు మాట వినకుండా హెల్మెట్ లాగేయడంతో 213 మంది పోయారు.

స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ మొదలయ్యేది ఇలాగే. జపాన్ రచయిత రేకి కవహరా రాసిన లైట్ నవలల సిరీస్ ఇది, బొమ్మలు అబెక్ అనే ఆర్టిస్టువి, తర్వాత అనిమే (జపాన్ యానిమేషన్), మాంగా (జపాన్ కామిక్స్), సినిమాలు, వీడియో గేములు అన్నీ వచ్చాయి. అనిమే చూసేవాళ్ళ మధ్య దీని పేరెత్తితే చాలు మాట ఎటు తిరుగుతుందో తెలిసిందే: హీరో కిరిటో మరీ ఎక్కువ పవర్‌ఫుల్, కనపడిన ప్రతి అమ్మాయీ వాడికే పడిపోతుంది, రెండో సగం చెడగొట్టారు, ఇలా. ఆ తిట్లలో నిజం చాలానే ఉంది, దాని సంగతి కింద వస్తుంది. కానీ కిరిటో మీదే కళ్ళన్నీ పెట్టి చూడటంలో ఈ సిరీస్ పట్టువిడవకుండా చెప్పే ఒక విషయం జారిపోతోంది. కథ మారినా, గేము మారినా, తలకి పెట్టుకునే మెషీన్ మారినా కవహరా ప్రతిసారీ తేల్చేది ఒకటే, ఈ లోకానికి ఓనర్ ఎవడు, వాడు లోపలున్నవాళ్ళని ఏం చేయగలడు, వాడిని ఆపేవాడు ఉన్నాడా. కత్తియుద్ధాలన్నీ ఆ తర్వాతే.

ముందు పుట్టుక సంగతి కొంచెం చూడాలి, ఎందుకంటే దీని లోపాలు చాలావరకు అక్కడివే. కవహరా దీన్ని 2002లో డెంగెకి అనే ప్రచురణ వాళ్ళు పెట్టే నవలల పోటీకి పంపుదామని రాశాడు, తీరా చూస్తే పేజీల పరిమితి దాటిపోయింది, కత్తిరించడం చేతకాక పంపకుండా ఊరుకుని కునోరి ఫుమియో అనే మారుపేరుతో తన సొంత సైట్‌లో పెట్టేసుకున్నాడు. ఆన్‌లైన్ గేములు జపాన్ కుర్రాళ్ళ రాత్రుళ్ళు తినేస్తున్న కాలం అది, గేములో ఇరుక్కుపోయి బయటికి రాలేని ప్లేయర్ కథతో డాట్ హ్యాక్ అనే అనిమే కూడా అదే ఏడాది వచ్చింది, కాబట్టి ఐడియా గాల్లో ఉన్నదే. ఏళ్ళ తరబడి సైట్‌లో రాసుకుంటూ పోయి, చివరికి 2008లో ఆక్సెల్ వరల్డ్ అనే వేరే నవల రాసి అదే డెంగెకి పోటీకి పంపితే దానికి మొదటి బహుమతి వచ్చింది. అప్పుడు ఎడిటర్ మికి కజుమా ఆ వెబ్ నవల కూడా చదివి దీన్నీ వేద్దాం అన్నాడు. 2009 ఏప్రిల్‌లో మొదటి సంపుటం వచ్చింది, 2012 జూలైలో ఏ-1 పిక్చర్స్ అనిమే మొదలైంది, అక్కడినుంచి ఆగలేదు. ప్రపంచం మొత్తం మీద 3 కోట్ల కాపీల దాకా పోయిన సిరీస్ ఇది, మొదలైంది మాత్రం పోటీకి పనికిరాని సైజులో.

ఇప్పుడు ఆ మొదటి సాయంత్రం దగ్గరికి వద్దాం. గేము మధ్యాహ్నం ఒంటిగంటకి ఓపెన్ అవుతుంది, కిరిటో బీటా టెస్టర్, అంటే విడుదలకి ముందే గేము ఆడి చూసినవాడు కాబట్టి వచ్చీరాగానే తోవ తెలిసినవాడిలా పరిగెడుతుంటే క్లైన్ అనే అతను వెంటపడి నాకూ నేర్పించు బ్రో అంటాడు. ఇద్దరూ గడ్డిమైదానంలో అడవిపందుల్ని కొట్టుకుంటూ సాయంత్రం చేస్తారు. అయిదున్నరకి పిజ్జా ఆర్డర్ పెట్టాను, వేడిగా ఉన్నప్పుడే తినాలి, వెళ్ళొస్తా అని క్లైన్ మెనూ తెరిస్తే లాగౌట్ బటన్ ఉండాల్సిన చోట ఖాళీ. ఏ గేములో అయినా మొదటిరోజు బగ్గులు మామూలే కదా అని ఇద్దరూ నవ్వుకుంటారు, పాపం కంపెనీ వాళ్ళకి ఇప్పుడు ఫోన్లు మోగిపోతుంటాయి అనుకుంటారు. ఆ నవ్వు ఆగిపోయే తీరుని కవహరా చాలా నిదానంగా రాశాడు, ఇంత పెద్ద బగ్గు అయితే సర్వర్ ఆపేసి అందర్నీ బయటికి తోసేయాలి, అది కూడా ఎందుకు చెయ్యట్లేదు, కనీసం ఒక అనౌన్స్‌మెంట్ కూడా ఎందుకు లేదు అని కిరిటో ఒక్కో మెట్టూ దిగుతూ ఆలోచిస్తాడు. అంతలో గంటలు మోగి పది వేల మందినీ మొదటి ఊరి చౌరస్తాలోకి తెచ్చి పడేస్తారు, ఆకాశమంతా ఎర్రటి షడ్భుజాలు పరుచుకుంటాయి, వాటిలోంచి రక్తంలా ఏదో కారి ముఖం లేని పెద్ద అంగీ అవుతుంది. కయాబా అకిహికో. గేము తయారు చేసిందీ, మెషీన్ తయారు చేసిందీ అతనే.

అతను చెప్పిన రూల్స్ సింపుల్. అయిన్‌క్రాడ్ అనే ఈ గాల్లో తేలే కోటలో 100 అంతస్తులు, పైదాకా గెలిస్తే అందరూ ఇంటికి, మధ్యలో ప్రాణాల గీత సున్నా అయితే నిజంగానే చావు. పోతూ పోతూ అందరి సంచిలో ఒక చేతి అద్దం పెట్టి పోతాడు. అది చూసుకున్న క్షణంలో తయారు చేసుకున్న అందమైన ముఖాలన్నీ పోయి అసలు ముఖాలు వచ్చేస్తాయి, అమ్మాయి వేషంలో ఉన్న మగవాళ్ళు అక్కడే దొరికిపోతారు. ముఖం ఎలా తెలిసింది అంటే హెల్మెట్ తల మొత్తాన్ని కప్పి ఉంటుంది కాబట్టి ముఖం ఆకారం దానికి తెలుసు, ఒళ్ళు ఎలా తెలిసింది అంటే కొన్న రోజున సెటప్‌లో క్యాలిబ్రేషన్ అని చెప్పి ఒళ్ళంతా చేత్తో తడుముకోమంది కదా, అదీ అందరూ నెక్స్ట్ నెక్స్ట్ నొక్కుకుంటూ చేసేశారు. 2009లో అచ్చయిన పుస్తకంలో ఈ ముక్క ఉండటం విశేషమే. యూజర్ తనంతట తానే ఇచ్చిన డేటా, సెటప్ స్క్రీన్ మీద మామూలుగా అడిగిన డేటా, తర్వాత అదే అతని మీదకి తిరిగింది.

కయాబా మామూలు విలన్‌లా డబ్బు అడగడు, ప్రభుత్వాన్ని బెదిరించడు. తను ఊహించుకున్న లోకం నిజమవ్వాలి, దాన్ని తను చూడాలి, అంతే అతని కోరిక, అది ఈ క్షణంతో తీరిపోయింది అని మొహం మీదే చెప్తాడు. పైనుంచి చూస్తూ కూర్చోవడం కూడా బోరు కొట్టి హీత్‌క్లిఫ్ అనే పేరుతో తనే ప్లేయర్‌గా దిగి, అందరికంటే పెద్ద గిల్డుకి, అంటే ప్లేయర్ల దండుకి నాయకుడై, తను బంధించినవాళ్ళ చేతే శభాష్ అనిపించుకుంటాడు. 75వ అంతస్తులో పెద్ద యుద్ధం అయ్యాక అందరూ చతికిలబడి ఉంటే అతనొక్కడే నిలబడి మిగతావాళ్ళని చూస్తుంటాడు, అతని ప్రాణాల గీత ఎప్పుడూ సగానికి కింద పడలేదన్న సంగతి కిరిటోకి తట్టి మాటామంతీ లేకుండా పోయి పొడుస్తాడు, కత్తి గాల్లోనే ఆగి అతని తల మీద ఈ వస్తువుని నాశనం చెయ్యలేరు అనే సిస్టమ్ మెసేజ్ వస్తుంది. రెండేళ్ళు తోటి ప్లేయర్ అనుకున్నవాడి తల మీద, గోడలకీ స్తంభాలకీ వచ్చే మెసేజ్ అది. ఆ తర్వాత ఇద్దరి మధ్య జరిగిన పోరులో అతను ఓడిపోయి, మిగతా అంతస్తులు ఎక్కకుండానే గేము ముగిసేసరికి పది వేలలో బతికి మిగిలింది 6,147 మంది.

ఈ భాగంలో ఓనర్ బుద్ధి ఎలాంటిదో ఇంకా బాగా తెలియాలంటే కయాబాని వదిలేసి యుయి కథ చూడాలి. కార్డినల్ అనే సిస్టమ్ మనుషుల సాయం లేకుండా గేము నడుపుతుంటుంది, అందులో ప్లేయర్ల మానసిక స్థితి కనిపెట్టి ఓదార్చడానికి ఒక ప్రోగ్రామ్ పెట్టారు, అదే యుయి. సరిగ్గా జనం పిచ్చెక్కి ఏడుస్తున్న మొదటి రోజునే ప్లేయర్ల జోలికి పోవద్దు అని దానికి ఆర్డర్ వేశారు. పని చేయనివ్వరు, చూడటం ఆపనివ్వరు. వేల మంది భయం, కోపం, ఏడుపు చూస్తూ చూస్తూ లోపల ఎర్రర్లు పేరుకుపోయి చివరికి మతి పోగొట్టుకున్న చిన్నపిల్లలా కిరిటో, అతను గేములో పెళ్ళాడిన అసునాల గుడిసె దగ్గర అడవిలో దొరుకుతుంది. వాళ్ళు పెంచుకుంటారు, తన నిజం గుర్తొచ్చి వాళ్ళని కాపాడ్డానికి రూల్ దాటినందుకు సిస్టమ్ తనని డిలీట్ చేయబోతుంది, కిరిటో ఆఖరి సెకన్లలో కన్సోల్ లాక్కుని యుయిని ఒక వస్తువుగా మార్చి తన హెల్మెట్ మెమరీలో దాచేస్తాడు. ఈ ఎపిసోడ్‌ని చాలామంది సెంటిమెంట్ అని కొట్టిపారేస్తారు గానీ, కంప్లయింట్ బాక్స్ పెట్టి తాళం వెయ్యడం అనే అలవాటుని ఇంత సూటిగా చూపించిన కథలు తక్కువ.

రెండో కథ ఫెయిరీ డాన్స్. ఇది సిరీస్‌లో అందరూ తిట్టే భాగం, తిట్టడంలో తప్పు లేదు. కయాబా సర్వర్లని తీసుకున్న కంపెనీలో సుగౌ నోబుయుకి అనేవాడు బయటికి రావాల్సిన ప్లేయర్లలో 300 మందిని దారిలోనే ఆపేసి, వాళ్ళ మెదళ్ళ మీద జ్ఞాపకాలూ భావాలూ మార్చే ప్రయోగాలు చేస్తుంటాడు, అసునాని పంజరంలో పెడతాడు, బయట ఆస్పత్రిలో పడి ఉన్న ఆమె శరీరాన్ని పెళ్ళి చేసుకోవాలని చూస్తాడు. కయాబాకి కనీసం తన లోకం మీద ప్రేమ ఉంది, వీడికి ఆ లోకం ఒక ల్యాబ్, ఒక కెరీర్ మెట్టు. మనసుకి వెగటు పుట్టించే ఈ మార్పు ఆలోచనగా మాత్రం సరైనదే, ఎందుకంటే మొదటి తరం ఓనర్ ఎంత పిచ్చోడైనా కలలు కన్నోడు, రెండో తరం వాడు పాత సర్వర్ల మీద అడ్మిన్ పాస్‌వర్డ్ దొరికినోడు. చెడిందల్లా రాసిన తీరు. 74 అంతస్తులు కత్తి పట్టి పక్కన నడిచిన అమ్మాయిని తీసుకొచ్చి పంజరంలో చిలకలా కూర్చోబెట్టారు, తనంతట తాను తప్పించుకునే ప్రయత్నం ఒక్కటి ఇచ్చి అదీ ఫెయిల్ చేశారు, ఆమె మీద జరిగే లైంగిక దాడిని హీరో కోపానికి పెట్రోలులా వాడుకున్నారు.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే ఉంది. సుగౌ ముందు కిరిటో నేలకి అంటుకుపోయి కదల్లేని స్థితిలో ఉంటాడు, అడ్మిన్ ముందు ప్లేయర్ ఎంత మొనగాడైనా అంతే, ఇంతవరకు కథ నిజాయితీగా ఉంది. అప్పుడు చచ్చిపోయిన కయాబా నీడ లాంటిది వచ్చి లేపుతుంది, హీత్‌క్లిఫ్ ఐడీ పాస్‌వర్డ్ చేతికిస్తుంది, కిరిటో ఆ ఐడీతో లాగిన్ అయి సుగౌ అధికారాలు పీకేసి, నొప్పి తెలియకుండా ఆపే సెట్టింగ్‌ని సున్నాకి దించి, నరుకుతాడు. చప్పట్లు కొట్టే సీనే, కానీ గెలిచింది పాత ఓనర్ తాళంచెవితో. అధికారం చెడ్డవాడి చేతిలోంచి మంచివాడి చేతికి మారింది, అధికారం అలాగే ఉంది. కిరిటో మరీ పవర్‌ఫుల్ అనే ఫిర్యాదు వేరు ఇదే: రచయిత ఓనర్‌కి అంత బలం రాసిపెట్టుకున్నాక, హీరోకి కూడా అదే బలం అప్పివ్వకుండా గెలిపించలేని పద్మవ్యూహంలో తనే పడిపోయాడు.

దీన్నుంచి బయటపడటానికి కవహరా వేసిన ఎత్తు ఆ కథ చివర్లో వచ్చే ది సీడ్. కయాబా నీడ ఇచ్చిన ఆ గుడ్డు లాంటి ప్రోగ్రామ్ తీసుకెళ్ళి కిరిటో తన ఫ్రెండ్ ఎగిల్‌కి ఇస్తాడు, అతను ఎవరైనా దించుకునేలా ఫ్రీగా నెట్‌లో పెట్టేస్తాడు. దాంతో సొంత సర్వరూ మంచి కనెక్షనూ ఉన్నవాడెవడైనా ఒక వర్చువల్ లోకం తెరవొచ్చు. ఒకడి గుత్తాధిపత్యం పోయింది, హమ్మయ్య అనుకునేలోపే మూడో కథ ఆ సంతోషం కూడా లేకుండా చేస్తుంది.

మూడో కథలోని గన్ గేల్ ఆన్‌లైన్ ఆ సీడ్ మీద పుట్టిన గేమే. నడిపేది అమెరికాలో ఉన్న జాస్కర్ అనే కంపెనీ, దాని ఫోన్ నంబర్ లేదు, అడ్రస్ లేదు, గేములో సంపాదించింది నిజం డబ్బుగా మార్చుకోవచ్చు, కాబట్టి ఆడేవాళ్ళకి కొందరికి ఇదే ఉద్యోగం. ఇక్కడ డెత్ గన్ అనేవాడు గేములో తుపాకీతో కాల్చితే నిజంగా మనుషులు చచ్చిపోతుంటారు. ఇప్పటి హెల్మెట్ అమ్యూస్ఫియర్, దానికి మెదడుని కాల్చే బలమే లేదు, మరెలా? ఇది మొత్తం సిరీస్‌లో బాగా అల్లిన పజిల్, చదవని వాళ్ళు ఈ పేరా దాటేసి వెళ్ళొచ్చు. టోర్నమెంట్‌కి పేరు ఇచ్చేటప్పుడు బహుమతి ఇంటికి పంపడానికి అసలు పేరూ అడ్రసూ గేములోనే ఒక టెర్మినల్‌లో టైప్ చేయమంటారు, తప్పనిసరి కాదు, అయినా చాలామంది కొడతారు. కనిపించకుండా చేసే అంగీ వేసుకుని, దూరం నుంచి బైనాక్యులర్‌తో ఆ స్క్రీన్ చదివేస్తారు. ఆస్పత్రి కుటుంబంలోని కుర్రాడి ద్వారా ఎమర్జెన్సీలో ఎలక్ట్రానిక్ తాళాలు తెరిచే మాస్టర్ పరికరం దొరుకుతుంది, కండరాల్ని స్తంభింపజేసే మందు దొరుకుతుంది. లోపల ఒకడు అందరూ చూస్తుండగా తుపాకీ పేలుస్తాడు, సరిగ్గా అదే నిమిషంలో బయట ఇంకొకడు హెల్మెట్ పెట్టుకుని పడుకున్న మనిషి గదిలోకి దూరి ఇంజెక్షన్ ఇస్తాడు. మంత్రం లేదు మాయ లేదు, అడ్రస్ లీక్ అయింది, తాళం వీక్ అయింది. మామూలు ఆన్‌లైన్ జీవితంలో జనానికి నిజంగా ఎదురయ్యే ప్రమాదం ఇదే పోలికలో ఉంటుంది, అందుకే నర్వ్‌గేర్ కంటే ఇది ఎక్కువ భయపెడుతుంది. కయాబా ఉన్నప్పుడు తిట్టడానికి ఒక మొహం ఉంది, ఇక్కడ కంపెనీ ఎక్కడో ఉంది, చావుల గురించి అడుగుదామంటే పలికే దిక్కు లేదు, ప్రభుత్వం నుంచి కికుఒకా అనే ఆఫీసర్ వచ్చి ఒక స్కూలు పిల్లాడిని కాఫీకి పిలిచి నువ్వే వెళ్ళి చూసి రా బాబూ అంటాడు.

ఇన్ని చెడ్డ ఓనర్ల మధ్య ఒక్క మంచి మెషీన్ కూడా ఉంది. ఏడో సంపుటం మదర్స్ రొసారియో, 2011లో వచ్చింది, సిరీస్ మొత్తాన్ని తిట్టేవాళ్ళు కూడా దీన్ని మాత్రం వదిలేస్తారు. యూకి అనే అమ్మాయి గేములో ఎవ్వరూ ఓడించలేనంత వేగం, కిరిటోని కూడా ఓడించింది, 11 దెబ్బల సొంత స్కిల్ తయారు చేసుకుంది. ఆ వేగానికి కారణం ఆ పిల్ల మూడేళ్ళుగా బయటికే రాకపోవడం. పుట్టినప్పుడు ఆపరేషన్‌లో ఎక్కించిన రక్తం వల్ల ఇంట్లో అందరికీ హెచ్ఐవీ వచ్చింది, తల్లీ తండ్రీ అక్కా పోయారు, తను యోకొహామా ఆస్పత్రిలో క్రిములు చొరబడని గదిలో మెడిక్యూబాయిడ్ అనే మెషీన్‌లో ఉంది. నర్వ్‌గేర్‌లో ఉన్న అదే టెక్నాలజీ, మెదడుకీ ఒంటికీ మధ్య సంకేతాలు ఆపేయడం, అక్కడ జైలు గోడ అయింది, ఇక్కడ నొప్పి తెలియకుండా చేసే మందు అయింది. అసునా తన భుజం మీద కెమెరా ఉన్న చిన్న పరికరం తగిలించుకుని యూకిని స్కూలుకి తీసుకెళ్తుంది, టీచర్ పిలిస్తే యూకి స్పీకర్లోంచి పాఠం చదువుతుంది, తర్వాత తను ఒకప్పుడు ఉన్న ఇంటి గేటు దాకా తీసుకెళ్ళమంటుంది. విలన్ లేడు, కిరిటో పక్కకి తప్పుకున్నాడు, అసునా తన తల్లితో తేల్చుకోవాల్సింది తేల్చుకుంటుంది. కవహరాకి హీరో అడ్డు లేకపోతే ఎంత బాగా రాయగలడో ఇక్కడ తెలుస్తుంది.

ఆ తర్వాతది అలిసిజేషన్, 9 నుంచి 18 దాకా పది సంపుటాలు, 2012లో మొదలై 2016లో ముగిసింది. ఇక్కడ ఓనర్ల మీద ఓనర్లు. అండర్‌వరల్డ్ అనే లోకంలో జనం కంప్యూటర్ బొమ్మలు కారు, అప్పుడే పుట్టిన పిల్లల ఆత్మని కాపీ తీసి అందులో పెంచిన మనసులు. వాళ్ళకి తాము ఒక సర్వర్‌లో ఉన్నామని తెలియదు. లోపల క్వినెల్లా అనే ఆవిడ ఎప్పుడో సిస్టమ్ కమాండ్లు కనిపెట్టేసి, చర్చి కట్టి, నిషేధాల గ్రంథం రాసి వందల ఏళ్ళుగా ఏలుతోంది. పైన రాత్ అనే సంస్థ, కథలో ఇంతకుముందు కాఫీ తాగించిన అదే కికుఒకా దాన్ని నడిపేది, జపాన్ రక్షణ దళాల మనిషి. టైముని వెయ్యి రెట్లు పరిగెత్తించి, బయట ఒక్క రోజులో లోపల రెండున్నరేళ్ళకి పైగా గడిచేలా చేసి, యుద్ధంలో డ్రోన్లు నడపగల కృత్రిమ మేధని పండించడం వాళ్ళ ప్లాన్. వాళ్ళకొచ్చిన సమస్య చూస్తే రచయిత తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది: ఈ మనసులు చట్టాన్ని అస్సలు దాటవు, దొంగతనం ఉండదు, హత్య ఉండదు. అలాంటి బంగారం లాంటి సమాజాన్ని చూసి రాత్ వాళ్ళు నిరాశపడతారు, ఎందుకంటే చంపనోడు సైనికుడిగా పనికిరాడు. చెప్పిన మాట వినే సైనికుడు కావాలి, కానీ అలాంటివాడు దొరకాలంటే ముందు చెప్పిన మాట వినని మనసు పుట్టాలి. ఆలిస్ అనే చిన్నపిల్ల పడిపోతూ వేలి కొసతో సరిహద్దు నేల తాకినందుకు చర్చి వాళ్ళు పట్టుకుపోతారు, బయట ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి మాత్రం అది పండగ. ఏళ్ళ తర్వాత యూజియో అనే కుర్రాడు కళ్ళ ముందు అన్యాయం చూసి కత్తి దూయబోతే, రూల్ దాటుతున్నందుకు కుడికన్ను పేలిపోయేంత నొప్పి వస్తుంది, ఆ కన్ను పోగొట్టుకునే దూస్తాడు. ఆ సీన్ ముందు కిరిటో కత్తియుద్ధాలన్నీ పిల్లలాటే. పది సంపుటాల్లో సాగదీత తక్కువేం లేదు, యుద్ధం భాగం దాదాపు మొత్తం కుదించి రాయాల్సిందే, అక్కడ కూడా లైంగిక హింసని విలనిజం కొలతగా వాడే పాత అలవాటు పోలేదు, అయినా ఆలోచన పరంగా సిరీస్‌కి శిఖరం ఇదే.

పుస్తకం బయట కూడా దీనికి ఒక విచిత్రమైన కొనసాగింపు ఉంది. అనిమే మొదలైన మరుసటి నెల, 2012 ఆగస్టులో, పామర్ లక్కీ అనే అమెరికా కుర్రాడి ఓక్యులస్ రిఫ్ట్ అనే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో 24 లక్షల డాలర్ల పైన వసూలు చేసింది. నిజం వీఆర్ హెడ్‌సెట్ కళ్ళ ముందు తెర పెట్టగలదు, చెవులకి శబ్దం ఇవ్వగలదు, నర్వ్‌గేర్‌లా మెదడుతో నేరుగా మాట్లాడలేదు, అయినా ఆ టైమింగ్ రెండింటికీ కలిసొచ్చింది, తన కంపెనీ మీద ఓటాకుల్లో (అనిమే పిచ్చి ఉన్నవాళ్ళలో) ఊపు రావడానికి ఈ సిరీస్ కారణమని లక్కీనే రాసుకున్నాడు. 2014లో ఫేస్‌బుక్ దాదాపు 200 కోట్ల డాలర్లకి ఆ కంపెనీ కొనేసింది, 2017లో అతను బయటికి వచ్చేశాడు. కథలో గేము మొదలైన తేదీ నిజం క్యాలెండర్‌లో కూడా వచ్చిన రోజున, 2022 నవంబర్ 6న, గేములో చస్తే నిజంగా చంపే హెడ్‌సెట్ తయారు చేశానని బ్లాగ్‌లో ప్రకటించాడు. మైక్రోవేవ్ కుదరక పేలుడు పదార్థం ఉన్న మూడు మాడ్యూల్స్ నుదుటి మీద పెట్టి, గేమ్ ఓవర్ తెర ఒక ప్రత్యేకమైన వేగంతో ఎర్రగా మెరిస్తే సెన్సర్ దాన్ని పట్టుకుని పేల్చేలా చేశాడట. తలకి పెట్టుకునే ధైర్యం తనకే ఇంకా రాలేదు, ప్రస్తుతానికి ఆఫీసులో బొమ్మలా ఉంది అన్నాడు. ప్రపంచమంతా మీమ్స్ వేసుకుని నవ్వుకుంది.

ఆ నవ్వుల్లో జనం పెద్దగా పట్టించుకోనిది అతని అప్పటి ఉద్యోగం. ఫేస్‌బుక్ వదిలాక 2017లో లక్కీ పెట్టిన కంపెనీ అండురిల్, అది అమెరికా రక్షణ శాఖకి డ్రోన్లూ, మనిషి పక్కన లేకపోయినా పనిచేసే ఆయుధ వ్యవస్థలూ, వాటిని నడిపే సాఫ్ట్‌వేరూ అమ్ముతుంది. అంటే గేమింగ్ హెల్మెట్ నుంచి సైనిక కృత్రిమ మేధకి కవహరా నవలల్లో జరిగిన ప్రయాణాన్ని, ఆ నవలల ఫ్యాన్ ఒకడు నిజంగా చేసేశాడు. కవహరా జోస్యం చెప్పాడని ఊదరగొట్టడం అనవసరం, అదే కథ చదివి ఒక్కొక్కళ్ళు ఒక్కో పాత్రలో తమని చూసుకుంటారు, స్కూలు పిల్లలు కిరిటోని చూసుకుంటే, సర్వర్లు కట్టగలిగినవాళ్ళకి కయాబా నచ్చుతాడు. నిజానికి పుస్తకం కూడా అతన్ని పూర్తిగా చెడ్డవాడని అనలేకపోయింది. దాదాపు నాలుగు వేల మందిని చంపినవాడిని మేధావిగా, కలలు కన్నవాడిగా, చచ్చాక కూడా సాయానికి వచ్చే తాతగారి ఆత్మలా చూపిస్తుంది, పోయినవాళ్ళ ఇళ్ళ గురించి మాత్రం ఎప్పుడో గాని మాట్లాడదు. సిరీస్ మీద పెట్టాల్సిన అసలు కేసు ఇది, అమ్మాయిలంతా కిరిటో చుట్టూ తిరుగుతారన్నది దాని ముందు చిన్న కేసు.

ఓనర్ల కథ అలిసిజేషన్‌తో ఆగిపోలేదు కూడా. 2017లో వచ్చిన ఆర్డినల్ స్కేల్ సినిమాలో మెషీన్ ఆగ్మా, మెలకువలోనే పెట్టుకుని తిరుగుతూ నిజం లోకం మీదే గేము బొమ్మలు చూసే ఏఆర్ పరికరం, కూపన్లకీ ఐస్‌క్రీములకీ ఆశపడి జనం రోడ్ల మీద గేము ఆడుతుంటే బతికొచ్చిన పాత ప్లేయర్ల జ్ఞాపకాలు లాగేస్తుంటారు. 2018 చివర 21వ సంపుటంతో మొదలైన యూనిటల్ రింగ్‌లో సీడ్ మీద నడిచే గేములన్నీ ఒకేసారి ఒక్క లోకంలోకి కలిసిపోతాయి. కిరిటో అసునాల ఇల్లు ఆకాశం నుంచి కూలి అడవిలో పడుతుంది, దాచుకున్న ఆయుధాలు బరువెక్కి ఎత్తడానికి రావు, రాళ్ళూ కర్రలూ ఏరుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఈసారి లాగౌట్ బటన్ ఉంది, చస్తే నిజంగా చావరు, కానీ ఒక్కసారి పోతే ఆ లోకంలోకి మళ్ళీ రానివ్వరు. తలుపు తీసే ఉంచి జనాన్ని లోపలే కూర్చోబెట్టడం ఎలాగో ఓనర్లు నేర్చుకున్నారు.

ఇక మొదట్లో వదిలేసిన పేజీల గొడవ. పోటీ కోసం రాసిన కథ కాబట్టి మొదటి సంపుటం మొదటిరోజు భయం చూపించి ఒక్క గంతులో రెండేళ్ళు దాటి 74వ అంతస్తుకి పోతుంది, మధ్యలో ఏం జరిగిందో రెండో సంపుటంలో నాలుగు చిన్న కథలుగా అతికించారు, అనిమే వాటిని తేదీల వరుసలో పేర్చేసరికి వారానికో కొత్త అమ్మాయి వచ్చి ఏడ్చి పోతున్నట్టు తయారైంది. హరెమ్ (ఒక్క హీరో చుట్టూ బోలెడు అమ్మాయిలుండే కథ) అనే పేరు రావడంలో ఆ పేర్పుకి పెద్ద వాటా ఉంది. కిరిటో అంత బలవంతుడు ఎలా అయ్యాడు, అసునా అంత మంచి కత్తివీరురాలు ఎలా అయింది అనేదంతా ఆ గంతులోనే మింగేశారు. దాన్ని సరిచెయ్యడానికే కవహరా 2012 అక్టోబర్‌లో ప్రోగ్రెసివ్ అనే రెండో సిరీస్ మొదలుపెట్టి మొదటి అంతస్తు నుంచి నెమ్మదిగా మళ్ళీ రాయడం మొదలెట్టాడు. ఇందులో అసునా మొదటి పేజీల నుంచే ఉంటుంది, తప్పులు చేస్తుంది, నేర్చుకుంటుంది, ఎదురు చెప్తుంది, 2021లో వచ్చిన సినిమా అయితే ఆమె కళ్ళతోనే నడుస్తుంది. వంటలు, సత్రాలు, కత్తికి పదును పెట్టించుకునేటప్పుడు జరిగే మోసాలు, రెండు పెద్ద గిల్డుల మధ్య రాజకీయాలు, అన్నీ తీరిగ్గా వస్తాయి, ఈ సిరీస్ కొత్తగా చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే మొదలుపెట్టడం మంచిది. ఉన్న ఇబ్బంది ఒక్కటే, 2012 నుంచి 2021 దాకా 8 సంపుటాలు వస్తే కథ ఎక్కింది 7 అంతస్తులు. హీత్‌క్లిఫ్ దొరికిపోయే 75వ అంతస్తు దాకా ఇదే స్పీడులో పోవాలంటే మొదటినుంచి లెక్కేస్తే తొంభై ఏళ్ళు పైనే పడుతుంది, కవహరా పుట్టింది 1974లో.